అమ్మకి వేపనీడ

ఆ ఊళ్ళో అసిరయ్య, పైడయ్య అని ఇద్దరు అన్నదమ్ములు. తెలివంతా తమ ఇంట్లోనే కాపురముందని, ఊళ్ళోవాళ్ళ బుర్రల్లో తవుడు తప్ప ఏమీ లేదని వాళ్ళ నమ్మకం. అంత తెలివిని కన్న తల్లి సూరమ్మకి మాత్రం ఎండాకాలం గండంగా ఉంది. పడమటి గోడ పెనంలా కాలి, ముసలిప్రాణం అల్లాడిపోతోంది.

మొక్కలమ్మే బంగారయ్య జాలిపడి ఓ వేపమొక్క ఇచ్చాడు. "పడమర పక్క పాతండి. కన్నబిడ్డలా సాకండి. మీ అమ్మ నీడన సల్లగా ఉంటాది," అన్నాడు.

ఇంకేముంది! కన్నబిడ్డ అన్నాక నలుగు పెట్టొద్దూ? పడమర పక్క పాతిన జానెడు మొక్కకి అసిరయ్య నూనె రాసి, సున్నిపిండి రుద్ది, వేణ్ణీళ్ళు పోశాడు. పైడయ్య సాంబ్రాణి పొగ వేశాడు. ఆకులు వాలిపోయాయి.

"బాబుకి నిద్దరొస్తందిరా!" అని అన్న మురిసిపోయాడు.

బిడ్డని బయట పడుకోబెడతారా? అంతే, మొక్కని పెళ్ళగించి, ఇంట్లో తల్లి మంచం ఉన్నచోట గొయ్యి తీసి నాటారు. మంచం, తల్లి వాకిట్లో ఎండలోకొచ్చాయి.

బంగారయ్య చూసి నెత్తి కొట్టుకున్నాడు. "మీ తెలివి తగలెయ్య! కప్పు కింద మొక్క బతుకుతాదేటి? దానికి ఎండ తగలాల!"

అంతే! సాయంత్రానికి ఇంటి మీద తాటాకు ఒక్కటి లేదు. ఇలాంటివాళ్ళకి కాస్త బద్ధకమైనా ఉంటే ఇల్లు నిలిచేది. దరిద్రులకి అదీ లేదు.

మర్నాడు ఎండ ముదిరాక తల్లిని తెచ్చి మొక్క పక్కన పడుకోబెట్టారు. నీడ అరచెయ్యంత.

"తల మీద పడాల," అన్నాడు అన్న.

"కాళ్ళు కాలిపోతన్నాయి, కాళ్ళ మీదే పడాల," అన్నాడు తమ్ముడు.

చెరో పక్కా పట్టుకుని ముసలిదాన్ని అటూ ఇటూ ఈడ్చారు. సూరమ్మకి ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి.

"మిమ్మల్ని కన్నాక నాకెందుకురా ఈ బతుకు! దాన్ని పీకేసి నన్నే పాతెయ్యండి!"

అన్నదమ్ములు మొహాలు చూసుకున్నారు. ఇంత సులువైన ఉపాయం తమకి తట్టనందుకు సిగ్గుపడ్డారు కూడా. ఇంకేముంది, మొక్కని పీకి అవతల పారేశారు. గొయ్యి నడుంలోతు చేసి, తిడుతున్న తల్లిని అందులో నిలబెట్టి, మట్టి తొక్కి, రెండు బిందెల నీళ్ళు పోశారు.

"సూశావా అన్నా, మొక్క కన్నా అమ్మ నీడే పెద్దది!" అంటూ పైడయ్య ఆ నీడలో చతికిలబడ్డాడు.

అసిరయ్య పక్కనే కూచుని తల్లిని ఓదార్చాడు. "ఏడవకే అమ్మా. పై ఏటికి కొమ్మలేస్తే, నువ్వూ ఇక్కడే కూకోవచ్చు."