మాటల గోడ మీద గుంట

అనగనగా ఒక ఊరు. ఊరంటే ఎంత ఊరనుకున్నావే? ఈ వీధిలో ఎవరైనా తుమ్మితే ఆ వీధిలో వాళ్ళు "చిరంజీవ" అనేంత ఊరు. పేరు జీడివలస. విజయనగరం అవతల, జీడిమామిడి తోటల మధ్యన ఉంటుంది. ఆ ఊళ్ళో ఒక బడి. బడికి రెండు గదులు, ఒక వసారా, ఒక పంతులమ్మ, పద్నాలుగు మంది పిల్లలు.

కాళ్ళు దుప్పట్లోకి లాక్కో, చెబుతాను.

ఆ పద్నాలుగు మందిలో పైడితల్లి ఒకతి. నాలుగో తరగతి. అందరూ పైడీ అని పిలిచేవాళ్ళు. వాళ్ళింట్లో మేకలున్నాయి. మేకపిల్లల వెనక ఉరికి ఉరికి దానికి ఒక విద్య పట్టుబడింది. ఎడమకి వెళ్తున్నట్టు వెళ్ళి చటుక్కున కుడికి తప్పుకునేది. పట్టుకోబోయినవాడి చేతికి గాలే మిగిలేది.

ఆ ఏడు బడికి కొత్త పంతులమ్మ వచ్చింది. హేమలత టీచరు. బాపట్ల దగ్గర ఎక్కడో పుట్టి పెరిగింది. మంచి మనిషే, కానీ ఆవిడ మాట వేరు, ఊరి మాట వేరు. వచ్చిన నెలలోనే మూడు పనులు మొదలుపెట్టింది. మొదట బడి వెనక పెరడు తవ్వించి బెండ, ఆనప వేయించింది. ఆ తర్వాత వసారా గోడకి నల్లరంగు పూయించి, దానికి మాటల గోడ అని పేరు పెట్టింది. రోజుకొకరు తమ ఇంట్లో వాడే మాట ఒకటి తెచ్చి, సుద్దముక్కతో ఆ గోడ మీద రాసి, దాని అర్థం తమకి తోచినట్టు పక్కన రాయాలి.

మూడోది ఖోఖో. మూడు, నాలుగు, అయిదు తరగతుల్లో లెక్కపెడితే సరిగ్గా తొమ్మిది మంది తేలారు. ఆరుగురు మగపిల్లలు, ముగ్గురు ఆడపిల్లలు. ఖోఖోకి కావలసిందీ తొమ్మిది మందే.

"శనివారం మండలంలో ఆటల పోటీలు. మనమూ వెళ్తున్నాం" అంది టీచరు.

పైడికి ఆ పూట అన్నం సయించలేదంటే నమ్ము. మేకల వెనక తప్ప ఇంకెక్కడా ఉరకని పిల్ల కదా. "అమ్మా, నా పేరు కాయితం మీద రాసినారే" అని వాళ్ళమ్మకి పదిసార్లు చెప్పింది. వాళ్ళమ్మ పదిసార్లూ కొత్తగా విన్నట్టే విన్నది.

అప్పుడేమయింది? సోమవారం పెద్ద వాన కురిసింది. ఊళ్ళో పశువులన్నీ బడి మైదానానికి అడ్డంపడి ఇంటికి నడిచాయి. నేలంతా గోతులు గోతులైపోయింది.

మంగళవారం పైడి బెండమొక్కలకి పాదులు చేస్తోంది. కిటికీ లోపల టీచరు ఫోనులో ఎవరితోనో మాట్లాడుతోంది. "ఆడించాలనే ఉందండీ. ఈ గుంటలతోనే వచ్చింది చిక్కు. గుంటలుంటే ఆట ఎలా సాగుతుంది చెప్పండి?"

పైడి చేతిలో బొరిగె ఆగిపోయింది.

ఎందుకో తెలుసుగా? మన వైపు గుంట అంటే ఆడపిల్ల. గుంటడు అంటే మగపిల్లాడు. నిన్ను నేను రోజూ పిలవడం లేదూ, ఓసి గుంటా అని? పాపం పైడి తను విన్నది తప్పేమో అనుకుంది. తప్పే అయుండాలని ఊళ్ళో అమ్మవారికి దండం కూడా పెట్టుకుంది.

ఆ తర్వాత బుధవారం వచ్చింది. నల్లబల్ల మీద టీచరు తను చెయ్యాల్సిన పనులు రాసుకుంది. విజిల్ కొనాలి. సున్నం తేవాలి. గుంటలు లేకుండా చూడాలి.

సింహాచలం అని ఒక గడుగ్గాయి ఉన్నాడు. వాడు బల్లెక్కి మరీ గట్టిగా చదివాడు. "ఇన్నారేటే? గుంటలు లేకండా సూడాలంట!"

ఇంకేముంది. ఆ సాయంత్రం ఆటకి పిలిస్తే గౌరికి కడుపునొప్పి. రమణికి కాలునొప్పి. పైడికి అబద్ధం చెప్పడం రాలేదు. "నాను రానండి" అని తలొంచుకుని మేకల దగ్గరికి వెళ్ళిపోయింది. నొప్పి ఎక్కడో నాకు తెలుసు. ఆశపెట్టి చేతిలోది లాగేసుకుంటే ఎవరికైనా అక్కడే నొప్పి. వాళ్ళమ్మ "ఆట ఎలాగుందే?" అని అడిగితే, బాగుందని చెప్పి గోడ వైపు తిరిగి పడుకుంది.

గురువారం మాటల గోడ వంతు పైడిది. అప్పుడది సుద్దముక్క తీసుకుని, పళ్ళు బిగించి, పెద్ద పెద్ద అక్షరాలతో రాసింది.

"గుంట: ఉంటే ఆట సాగదు."

టీచరు చదివింది. చదివి చప్పట్లు కొట్టింది! "భలే రాశావే పైడీ! నా మనసులో మాటే రాశావు. ఒక్క అక్షరం తప్పు లేదు."

ఆ మాటతో పైడి అక్కడే కూలబడి భోరుమంది. టీచరుకి కాళ్ళూ చేతులూ ఆడలేదు. మెచ్చుకుంటే ఏడ్చే పిల్లని ఆవిడ ఎక్కడా చూడలేదు మరి.

అప్పుడు వంటగదిలోంచి ఎర్నమ్మ వచ్చింది. బడిపిల్లలకి మధ్యాహ్నం అన్నం వండే మనిషి. చదువు లేదుగానీ లోకం తెలుసు. "ఏటి రాసినావే, సదువు" అంది. పైడి ఎక్కిళ్ళ మధ్య చదివింది. ఎర్నమ్మ పప్పుగరిటె నడుముకి ఆనించుకుని టీచరు వైపు తిరిగింది.

"ఏటి టీచరమ్మా, గుంటలుంటే ఆట సాగదా? నానూ ఒకప్పుడు గుంటనే. నువ్వూ గుంటవే. అయితే గుంటల్నేటి సేసేద్దారని?"

"పూడ్చేద్దామనుకున్నాను" అంది టీచరు.

"ఓలమ్మోలమ్మ!" ఎర్నమ్మ చేతిలో గరిటె జారి కింద పడింది.

"అదేంటమ్మా, మైదానం నిండా గుంటలే కదా! మొన్న వానకి పశువులు తొక్కి..." అని టీచరు చేత్తో చూపించింది.

ఎర్నమ్మ నేలకేసి చూసింది. పైడికేసి చూసింది. టీచరుకేసి చూసింది. "అవి గోతులు గదా టీచరమ్మా! గుంటలంటే ఈళ్ళు."

సింహాచలం కిసుక్కుమన్నాడు. పిల్లలందరూ నవ్వారు. టీచరు మాత్రం నవ్వలేదు. మూడు రోజుల నుంచీ ఏం జరిగిందో ఆవిడకి ఒక్కసారిగా అర్థమై మొహం చిన్నబోయింది. కాలు జారితే తీసుకోవచ్చుగానీ నోరు జారితే తీసుకోలేమంటారు. ఈ పంతులమ్మ తీసుకుంది. పైడి, గౌరి, రమణి ముగ్గురినీ ఎదురుగా నిలబెట్టి, రెండు చెవులూ పట్టుకుని, పిల్లలందరి ముందూ మూడు గుంజీళ్ళు తీసింది. "మా వైపు గుంటంటే గొయ్యిరా. మీ మాట తెలుసుకోకుండా మాట్లాడాను. మీరు లేకపోతే నాకు ఆటెక్కడిది?" అంది. పైడి గౌనుతో ముక్కు తుడుచుకుంది.

ఆ తర్వాత శుక్రవారం. ముగ్గురూ మూడు తట్టలు పట్టుకుని చెరువుగట్టు మీద మట్టి తెచ్చి పోశారు. ఎక్కిరించిన పాపానికి సింహాచలం చేత ఎర్నమ్మ పది తట్టలు మోయించింది. ఆ రోజు గుంటలే గుంటల్ని పూడ్చారు!

శనివారం మండలం వెళ్ళారు. అవతలివాళ్ళు పెద్ద బడి పిల్లలు, బూట్లేసుకుని వచ్చారు. మనవాళ్ళవి ఉత్త కాళ్ళు. ఖోఖోలో తప్పించుకునేవాళ్ళు ముగ్గురు ముగ్గురుగా దిగుతారు. మొదట ముగ్గురు మగపిల్లలు దిగి ఔటయ్యారు. తర్వాత ఇంకో ముగ్గురు దిగి ఔటయ్యారు. అప్పుడు మన ముగ్గురు గుంటలు దిగారు. గౌరి ఔటైంది. రమణి ఔటైంది. పైడి ఒక్కతే మిగిలింది.

ఎడమకి వెళ్తున్నట్టు వెళ్ళింది, కుడికి తప్పుకుంది. ఖో అన్నారు, లేదు. మళ్ళీ ఖో అన్నారు, లేదు. విజిల్ మోగేదాకా దాన్ని ఒక్కరంటే ఒక్కరు ముట్టుకోలేకపోయారు. "అది మా బడి గుంట!" అని సింహాచలం గొంతు చించుకున్నాడు.

గెలిచారా అంటావా? లేదమ్మా. ఒక్క పాయింటుతో ఓడిపోయారు. పైడి కాస్త ఏడ్చింది కూడా. కానీ గురువారం ఏడుపు వేరు, ఈ ఏడుపు వేరు. ఆడి ఓడినవాళ్ళ ఏడుపు ఎంతసేపు నిలుస్తుంది? ఆటోలో తిరిగొస్తూనే వచ్చే ఏడు ఎవరు ముందు దిగాలో తగువులాడుకున్నారు.

సోమవారం పొద్దున్న పైడి అందరికంటే ముందు బడికి వెళ్ళింది. మాటల గోడ దగ్గర నిలబడి, అరచేత్తో ఒక్క మాట చెరిపేసి, దాని చోట ఇంకో మాట రాసింది. వెనకాలే వచ్చిన టీచరు చదివి, ఈసారి చప్పట్లు కొట్టలేదు, పైడి తల మీద చెయ్యి వేసింది. రేపు నువ్వు ఆ బడికే కదే వెళ్ళేది. వసారాలో చూడు, ఇంకా చెరపలేదు.

"గుంట: లేకుంటే ఆట సాగదు."

గోతులేమో మట్టికి,
గుంటలేమో ఆటకి,
కథ పరుగున కంచికి,
మనం మెల్లగా ఇంటికి,
నీ కళ్ళు రెండూ నిద్దరికి.