కుండలో వెయ్యి చేపలు

తొలకరికి గుడ్లతో ఉన్న చేపలు వాగుకి ఎదురెక్కే పది రోజులూ ఆ పల్లె జాలర్లు వల ముట్టరు. అది తాతల నాటి కట్టుబాటు. రాజుగారి కొత్త దివానుకి మాత్రం ఒట్టి సోమరితనంలా కనిపించింది.

“రేపటి విందుకి వెయ్యి చేపలు రావాలి. ఒక్కటి తగ్గినా మీ వలలన్నీ తగలబెట్టిస్తాను!” అన్నాడు.

మర్నాడు జాలరి పైడమ్మ నెత్తిన ఒకే ఒక్క కుండతో సభకి వచ్చింది. అందులో పొట్ట ఉబ్బిన బొచ్చె చేప ఒకటి ఈదుతోంది.

“వెయ్యి తెమ్మంటే ఒక్కటి తెస్తావా?” దివాను మండిపడ్డాడు.

“దీని కడుపులో వేలున్నాయి బాబూ, చూసుకోండి.”

“అవి గుడ్లే! పెరిగితే కదా చేపలయ్యేది?”

పైడమ్మ రాజుగారి వైపు తిరిగి దణ్ణం పెట్టింది. “మేమూ అదే అంటున్నాం మారాజా. ఇవి చేపలే అయితే మేం తెచ్చేసినట్టే. కాకపోతే, అయ్యేదాకా ఆగాలి. ఏ సంగతో దివానుగారినే తేల్చమనండి.”

రాజు పగలబడి నవ్వి, విందుకి గుమ్మడికాయ పులుసు వండమన్నాడు. చేపని వాగులో వదిలి రమ్మని కుండని దివాను నెత్తికెత్తించాడు.

“తొణకనీయకండి బాబూ, వెయ్యి చేపలున్నాయి!” అంటూ దారి పొడుగునా హెచ్చరిస్తూనే ఉంది పైడమ్మ.