సున్నం కింద పొగగొట్టం

విశాఖపట్నం వన్‌టౌన్‌లో వామనమూర్తి అనే చరిత్ర మాస్టారు ఉండేవాడు. పాత భవనాలంటే ఆయనకు ప్రాణం, ఒకచోట పది నిమిషాలు కూర్చోవాలంటే మాత్రం ప్రాణసంకటం. ప్రతి ఆదివారం ఒక పత్రికలో ఏదో ఒక పాత భవనం కథ రాసేవాడు. ఎవరైనా "కాస్త ఆగండి మాస్టారూ" అంటే "ఆలస్యం అమృతం విషం" అని మెట్లు దిగిపోయేవాడు. ఆ మాట పుట్టించిన పెద్దలు ఈయన్ని చూసి ఉంటే నాలుక కరుచుకునేవారు.

ఒక వారం రత్నాకర మాన్షన్ వంతు వచ్చింది. అది డెబ్బై ఏళ్ల నాటి మూడంతస్తుల అపార్ట్‌మెంటు. కింద మెట్ల పక్కనున్న రెండు గదుల మీద ఎప్పటినుంచో తగాదా ఉంది. వాటిలో నూకరత్నం అనే అరవై ఏళ్లావిడ ఉంటూ, బట్టలు ఇస్త్రీ చేసుకుని బతికేది. పై అంతస్తుల వాళ్లేమో అవి కారు షెడ్డుగా కట్టినవే అనేవారు. షెడ్డని తేలితే ఆమెను ఖాళీ చేయించి స్కూటర్లు పెట్టుకోవాలని వాళ్ల ఆలోచన.

అసోసియేషన్ ప్రెసిడెంటు జోగారావు గారు మాస్టారికి వేడివేడి పెసరట్టు పెట్టించాడు. కాఫీ ఇచ్చి, "అది షెడ్డేనండీ. పాత ప్రెసిడెంటు గారు స్వయంగా చెప్పారు" అన్నాడు. మాస్టారు రాసుకున్నాడు.

కిందికి దిగేసరికి నూకరత్నం ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి ఎదురొచ్చింది.

"బాబూ, పైనోళ్ల మాట ఇన్నారు, నా మాటా ఇనండి. ఈ బిల్డింగు కట్టిన మేస్త్రి మా తాతే. ఓనరు గారు ఈ గదులు ఉండమని ఇచ్చినారు. గోడ మీద తాత పేరుంది, సున్నం కింద ఉండిపోనాది. ఒక్క పూట కూకుంటే గీకి సూపిస్తాను."

"పూటా! నాకు బస్సుందమ్మా" అన్నాడు మాస్టారు. అప్పటికే సగం వీధి దాటాడు.

ఆదివారం పత్రికలో 'కింది గదులు ఒకప్పటి కారు షెడ్డు' అని పడింది. సోమవారం, తన రాత అందరికీ ఎలా నచ్చిందో చూద్దామని ఉత్సాహంగా వెళ్లాడు. ఆ వ్యాసం నూకరత్నం తలుపు మీదే అంటించి ఉంది. దాని పక్కన నెలాఖరుకు ఖాళీ చేయాలని నోటీసు. ఆమె ఆయన్ని తిట్టలేదు. చీర మడత పెడుతూ, "సదూకున్నోరు రాసినారు, నానేటి సెప్పగలను?" అంది.

ఆ వారమంతా మాస్టారు బడిలో పాఠం మధ్యలో ఆగిపోయేవాడు. కాలు కాలిన పిల్లిలా వరండాలో తిరిగేవాడు. చివరికి సెలవు పెట్టి, ఒక చిన్న తాపీ పట్టుకుని ఆమె గుమ్మం ముందు నిలబడ్డాడు.

గీకడం మొదలుపెట్టాడు. తెలుపు, కింద నీలం, ఇంకా కింద పసుపు. ప్రతి సంక్రాంతికీ, ప్రతి పెళ్లికీ వేసిన పొరలు. రెండు రోజులు గీకినా పేరు కనబడలేదు.

"పేరు లేదమ్మా" అన్నాడు, అబద్ధమాడలేక.

నూకరత్నం గీకిన గోడను తడిమి చూసింది. "మా అమ్మ సెప్పింది బాబూ. ఉందనే సెప్పింది."

వెనకటి మాస్టారైతే అక్కడితో లేచిపోయేవాడు. అరికాళ్లు జిలపెడుతున్నా ఈసారి కదల్లేదు. మూడో రోజు మూలన తాపీ తగిలితే బోలు చప్పుడైంది. రెండు ఇటుకలు తీస్తే, గోడతో పాటే కట్టిన పొగగొట్టం బయటపడింది. లోపలంతా మసి.

మాస్టారు జోగారావు గారిని పిలుచుకొచ్చాడు. ఆయన వేలు పెట్టి చూశాడు, నల్లగా అయింది.

"కారుకి అన్నం వండిపెట్టారంటారా?" అన్నాడు మాస్టారు.

జోగారావు గారు వేలు తుడుచుకుంటూ, "పొగగొట్టం సరేనండీ, కాగితం ఏదీ?" అన్నాడు. తర్వాత మాస్టారు పాత కాగితాలు భద్రపరిచే ఆఫీసులో వారం కూర్చుని, ఆ భవనం కట్టిన కొత్తల్లోని ఓటర్ల జాబితా వెతికాడు. ఆ డోరు నంబరు ఎదుట నూకరత్నం తాత పేరూ నాయనమ్మ పేరూ ఉన్నాయి. అది చూశాక జోగారావు గారు తనే నోటీసు చింపేశాడు.

పత్రికలో సవరణ వచ్చింది. నాలుగే లైన్లు, ఒక మూలన. ఎవరూ చదవలేదు. మొదటి వ్యాసం చూసి నేర్చుకున్న బిల్డింగు పిల్లలు నూకరత్నాన్ని ఇంకా "షెడ్డు మామ్మా" అనే పిలుస్తున్నారు. దాంతో మాస్టారు రత్నాకర మాన్షన్‌లోని ప్రతి తలుపూ తట్టాడు.

"కింద ఉన్నది షెడ్డు కాదండీ, ఇల్లు" అని చెప్పాడు.

పై అంతస్తులో చివరి తలుపు తీసిన ఇల్లాలు నమ్మలేనట్టు చూసింది. "అదేంటండీ, పేపర్లో వచ్చింది కదా!"

మాస్టారు తలవంచుకున్నాడు. "రాసింది నేనేనండీ. తప్పు రాశాను."

నీతి: ఇద్దరి మాటా ఓపికగా వినకుండా రాసింది చరిత్ర కాదు, తొందరపాటుతో రాసిన అబద్ధం గడియలో ఊరంతా తిరుగుతుంది, దాన్ని సరిదిద్దాలంటే మాత్రం ఇంటింటికీ మన కాళ్లతో మనమే నడవాలి.