గడియలు తెచ్చుకున్న అతిథులు

అప్పలాచార్యులు గారిని ఏదడిగినా సూటిగా జవాబు చెప్పరు. కాలవ నీళ్ళ తగువు గురించి మా మునసబు గారు అడిగితే ఒక తోడేలు కథ చెప్పారు. ఆ తోడేలు తానేనేమోనని మునసబు గారు ఆరు నెలలు ఆయనతో మాట్లాడలేదు. తోడేలు మునసబు గారే.

ఆయన దగ్గర నాలుగేళ్ళుగా శిష్యరికం చేస్తున్న గవరయ్య, గురువు మాట పూర్తికాకముందే తల ఊపడం ఒక్కటి బాగా నేర్చుకున్నాడు. ఒకరోజు జీడితోటలో గురువుగారి పాక ముందు కూర్చుని ఇలా అడిగాడు:

"అయ్యా, ఎన్నో జాతులు పరాయివాళ్ళ చేతుల్లో నాశనమైపోయాయి కదా. వాళ్ళలోనూ ఏదో లోపం ఉండే ఉంటుందంటారా?"

ఆచార్యులు గారు చెప్పడం మొదలుపెట్టారు.

మన కంటికి ఆనని ఒక చుక్క చుట్టూ ఒక లోకం తిరుగుతూ ఉండేది. అక్కడి పగలు మన ఇరవై రోజులంత. రాత్రీ అంతే. అక్కడివాళ్ళకు మూడేసి చేతులు. ఒంట్లో వేడి మాత్రం నిలిచేది కాదు. పొద్దుగూకేసరికి ఇంట్లో పొయ్యి పక్కకు చేరకపోతే ప్రాణం పోయేది.

వాళ్ళకొక ఆచారం ఉండేది. ఇంటికి ఎవరైనా వస్తే, వేడివేడి పులుసు పొయ్యి మీద పెట్టి, ఇంటివాళ్ళంతా బయటికి వెళ్ళి నిలబడేవారు. వచ్చినవాడు పొయ్యి పక్కన కూర్చుని, "లోపలికి రండి" అని వాళ్ళను పిలిచేవాడు. ఆ పిలుపుతో అతడూ ఇంటివాడైపోయేవాడు. అలా ఇంటివాళ్ళను లోపలికి పిలవని అతిథిని వాళ్ళు ఏనాడూ ఎరగరు.

ఒకసారి వేరే లోకం నుంచి ఒకడు వచ్చాడు. పెట్టింది తిన్నాడు, పద్ధతిగా పిలిచాడు, మర్యాద బాగుందని మెచ్చుకుని వెళ్ళిపోయాడు. మరుసటి ఏడు, సాయంత్రం అవుతుండగా, అతని వాళ్ళు వేల ఓడల్లో దిగారు. ఊరూరా జనం సంబరంగా ఇళ్ళు వదిలి బయటికి వచ్చారు. ఓలుమ అనే ముసలమ్మ, ఆమె మొగుడు సేరడు కూడా తమ గుమ్మం ముందు నిలబడ్డారు.

పొద్దు వాలుతోంది. పిలుపు రాలేదు.

"పులుసులో పులుపు ఎక్కువేశావు. అలిగారు," అన్నాడు సేరడు.

"నలభై ఏళ్ళు తిన్నావు. నువ్వెప్పుడూ అలగలేదే?"

"అలిగాను. నువ్వు చూసుకోలేదు."

ఆ మాట అంటూనే అతను గోడకు జారగిలబడ్డాడు. పెదవులు నల్లబడుతున్నాయి. ఓలుమ తలుపు తట్టింది.

"నాయనా, పిలవడం మరిచినట్టున్నారు. రండి అంటే చాలు."

"ఎవరది?" అన్నారు లోపలినుంచి.

"ఈ ఇంటివాళ్ళం."

"ఈ ఇంటివాళ్ళం మేము."

ఓలుమకు ఆ మాటలో తప్పేమీ కనబడలేదు. "సరే నాయనా. అయితే మేం అతిథులం. ఇప్పుడు మీరే బయటికి రావాలి," అంది.

లోపల పెద్దగా నవ్వులు.

"పోనీ, ఈయన్నొక్కణ్ణి పిలవండి. నేను ఇక్కడే ఉంటాను."

నవ్వులు ఆగలేదు. ఆమె మూడు చేతులతో తలుపును తోసింది. కదల్లేదు. ఆ లోకంలో అంతవరకూ ఏ తలుపుకూ గడియ లేదు. వచ్చినవాళ్ళు ఓడల్లో తెచ్చుకున్నారు. ఇంటికొకటి చొప్పున.

మళ్ళీ తెల్లారేసరికి వీధుల నిండా జనం ఎవరి గుమ్మం వైపు వాళ్ళు ముఖం పెట్టి కూర్చుని ఉన్నారు. ఒక్కరిలోనూ ప్రాణం లేదు. వచ్చినవాళ్ళు వాళ్ళను ఊడ్చేసి, ఆ లోకానికి కొత్త పేరు పెట్టి, ఖాళీగా దొరికిందని పుస్తకాల్లో రాసుకున్నారు.

ఎంత ఘోరం చెప్పినా చివర చిన్న నవ్వు నవ్వే ఆచార్యులు గారు ఈసారి నవ్వలేదు. గవరయ్య మాత్రం అలవాటు చొప్పున తల ఊపి, బాగా ఆలోచించినవాడిలా నిట్టూర్చాడు.

"ఎంత వెర్రిబాగులవాళ్ళండీ! ఆ గడప దిగకుండా ఉంటే బతికిపోయేవారు కదా."

"ఆ మాట లోపల చలి కాచుకుంటున్నవాళ్ళు అప్పుడే అన్నారు, గవరయ్యా," అన్నారు ఆచార్యులు గారు.