వరస తప్పని భిక్ష

విధికుడికి మనుషులంటే విసుగు పుట్టింది. భిక్షువుకి అది చిన్న జబ్బు కాదు.

అతనుండే ఆరామం సముద్రం పక్కన కొండ మీద ఉంది. కింద రేవుపట్నం. రోజూ పొద్దున్నే పాత్ర పట్టుకుని కొండ దిగాలి. ప్రతి ఇంటి ముందూ నోరు మెదపకుండా నిలబడాలి. పెట్టింది తీసుకుని మళ్లీ కొండెక్కాలి. మధ్యాహ్నం దాటితే ఆ రోజుకిక తిండి లేదు.

అతను చిన్నతనంలో కాషాయం కట్టినప్పుడు పట్నంలో ఇంటికీ ఇంటికీ మధ్య ఎడ్లబండి తిరిగే చోటుండేది. ఇప్పుడు చూరుకి చూరు తగులుతోంది. ఓడలు పెరిగాయి, ఓడల వెంట మనుషులు పెరిగారు. ఒక్క గదిలోనే తాత, కొడుకులు, కోడళ్లు, పిల్లలు, మేకలు. కుండల బట్టీలకీ ఇటుక బట్టీలకీ వెనక కొండల మీది అడవంతా కరిగిపోయింది. అడవిలో ఉండాల్సిన గబ్బిలాలు సరుకుల కొట్టాల్లో వాసాలు పట్టుకుని వేలాడుతున్నాయి. మురుగు ఎటు పోవాలో తెలియక వీధిలోనే నిలిచిపోయింది.

"భంతే, కింద మనుషులు మరీ ఎక్కువైపోయారు," అన్నాడు ఒకరోజు గురువుతో. పెద్ద భిక్షువుని వాళ్లు అలాగే పిలుస్తారు, భంతే అని.

"పెరిగారు, నిజమే," అన్నాడు సంఘగోపుడు. ఆయన చిరిగిన కాషాయ చీవరం కుట్టుకుంటున్నాడు. సూదిలోకి దారం ఎక్కడం లేదు.

"ఇలాగే పెరిగితే ఏదో ఒక రోగం వచ్చి ఊరు ఊరంతా తుడిచిపెట్టేస్తుంది."

"రావచ్చు."

గురువు అంత తొందరగా ఒప్పుకోవడం విధికుడికి నచ్చలేదు. వాదిస్తే చెప్పడానికి అతని దగ్గర చాలా ఉంది.

"ఈ దారం కాస్త ఎక్కించు, నాయనా. నీ కళ్లు మంచివి," అన్నాడు సంఘగోపుడు.

రోగం రానే వచ్చింది. ఓడలో వచ్చిందని కొందరు, గబ్బిలాల నుంచి వచ్చిందని కొందరు అన్నారు. ఎవరికీ సరిగ్గా తెలియదు. కళ్లు ఎర్రబడి ఒళ్లు పేలిపోయే జ్వరం. దాని వెనకే దగ్గు. దగ్గు మొదలైతే మనిషి దక్కడం కష్టం.

మిగతా భిక్షువులు జ్వరం ఉన్న ఇళ్లు తప్పించుకుని తిరగసాగారు. కొందరు వర్తకుల వీధితో సరిపెట్టుకుని వచ్చేస్తున్నారు. విధికుడు మాత్రం అలా చేయలేదు. అతను వరస భిక్ష వ్రతం పట్టినవాడు. మొదటి గడప నుంచి చివరి గడప దాకా ఒక్క ఇల్లూ దాటకూడదు. ధనికుడిదని ఆగకూడదు, పేదదని వదలకూడదు. వద్దని ముందే చెప్పిన ఇల్లు తప్ప మిగతా అన్నిటి ముందూ నిలబడాల్సిందే. ఆరామంలో ఆ వ్రతం పట్టినవాడు అతనొక్కడే. ఆ సంగతి అతను ఎప్పుడూ మర్చిపోలేదు.

ఒక ఉదయం పాత్ర తీసుకుని బయలుదేరబోతూ, చీవరం కుట్టుకుంటున్న గురువు దగ్గర ఆగాడు.

"అందరూ జ్వరం ఇళ్లు వదిలేస్తున్నారు, భంతే. నేను ఒక్కటీ వదల్లేదు. మంచం పట్టినవాళ్ల తల మీద చెయ్యి వేసి వచ్చాను. వణికే చేత్తో పెట్టిన ముద్ద కూడా తీసుకున్నాను."

"ఊఁ."

"అయినా ఈ జ్వరాన్ని తప్పుపట్టి లాభం లేదు. నారు ఒత్తుగా పోస్తే తెగులు రాదూ? ఇదీ అంతే. ఊరు కొంత పలచబడాలి."

సంఘగోపుడు సూది పక్కన పెట్టాడు.

"మొదట ఎవరింట్లో వచ్చింది?"

"కంసాలి భద్రుడింట్లో."

"తరవాత?"

"పక్కనే గానుగవాళ్లు. తరవాత కుమ్మరి సిరికమ్మ. ఆ తరవాత తాళ్లు పేనేవాళ్లు, ఇద్దరన్నదమ్ములూ పోయారు. ఆ మలుపులో చాకలి మాదడు. తరవాత ఇల్లు పద్మినిది, వాళ్లకి రాలేదు. తరవాత ఉప్పు కొట్టువాళ్లు, వాళ్ల పిల్లకి..."

"పద్మినివాళ్లకి ఎందుకు రాలేదు?"

"ఏమో, భంతే. చుట్టూ ఉన్నవాళ్లకి వచ్చింది. వాళ్లు జైన మునుల శిష్యులు. మన భిక్షువులకి భిక్ష పెట్టబోమని ముందే చెప్పేశారు. నేను ఆ గడప ముందు నిలబడ..."

అతను ఆగిపోయాడు.

పేర్లు ఎందుకంత తడుముకోకుండా వస్తున్నాయో అప్పుడు అర్థమైంది. అది జ్వరం వచ్చిన వరస. రోజూ తన కాళ్లు నడిచిన వరస కూడా. ప్రతి ఇంటివాళ్లూ అన్నం పెట్టడానికి చెయ్యి తన పాత్రలోకి దించారు. ఆ పాత్రే పక్కింటికి పట్టుకెళ్లాడు.

"నేనేనా, భంతే?"

"తెలియదు. నీ పాత్రో, నీ చెయ్యో, ఆ వీధి నీళ్లో, గాలో. నాకు తెలియదు."

"మరి నన్ను ముందే ఎందుకు ఆపలేదు?"

"నేనూ ఇప్పుడే కదా విన్నది." సంఘగోపుడు చీవరం పక్కకి నెట్టాడు. "నీ వరసలో ఇంకా ఎవరు మిగిలారు?"

"ఏటి అవతల జాలరిపల్లె. ఏరు పోటు మీదుండి పడవ నడవలేదు. జ్వరం మొదలైనప్పటి నుంచీ అటు వెళ్లలేదు. ఇవాళ ఏరు తగ్గింది. వస్తానని నిన్న ఒడ్డు నుంచి కేకేసి చెప్పాను."

"వెళ్లకు."

"వెళ్లకపోతే ఎలా, భంతే? పాత్ర బోర్లించామనుకుంటారు!"

ఆ దేశంలో అది చిన్న మాట కాదు. ఏ ఇంటివాళ్లయినా సంఘానికి ద్రోహం చేస్తే భిక్షువులంతా కూడి ఆ ఇంటి మీద పాత్ర బోర్లిస్తారు. ఆ ఇంటి తిండి ఇక ఏ భిక్షువూ ముట్టడు. పట్నంలో వాళ్లతో బేరం చేసేవాళ్లు కూడా ఉండరు. జాలరులకి అసలే పట్నంలో గౌరవం లేదు. వాళ్ల చేతి ముద్ద కోసం ఏరు దాటిన మొదటి భిక్షువు విధికుడే. వరస తప్పనివాడు తమ దగ్గరే తప్పాడంటే వాళ్లు ఊరుకోరు. క్షమించమని అడగడానికి పల్లె పల్లెంతా పడవలెక్కి పట్నంలోకి వస్తుంది. సరిగ్గా జ్వరంలోకి.

సంఘగోపుడు కర్ర అందుకున్నాడు. "పద."

"మీ నడుము..."

"పదమన్నాను కదా."

పట్నంలోకి పోకుండా కొండ వెనక దారిన దిగారు. ముసలాయన నాలుగడుగులకోసారి ఆగాడు. ఏటి ఒడ్డు చేరేసరికి ఎండ బాగా ముదిరింది.

అవతలి ఒడ్డున జాలర్లు బారులు తీరి ఉన్నారు. ఆడవాళ్ల చేతుల్లో మూకుళ్లు. చోడి సంకటి, ఎండు మెత్తళ్ల చేపపులుసు అయ్యుంటుంది. అందరికన్నా ముందు పోలక్క ఉంది. పల్లెలో ఆమె మాటే మాట. పెద్ద భిక్షువు కూడా రావడం చూసి సంబరంగా పడవ విప్పమంది.

"పడవ తేవొద్దు!" అని అరిచాడు విధికుడు. "ఇవాళ భిక్ష వద్దు!"

అవతల మూకుళ్లు కిందికి దిగాయి.

"మావల్ల ఏం తప్పు జరిగింది, స్వామీ?" అంది పోలక్క.

"ఏమీ లేదు! జ్వరం! జ్వరం ఉంది!"

"మాకు జ్వరాలేం లేవయ్యా! పిల్లా పీచూ అందరం రాళ్లలా ఉన్నాం!"

"కిందటిసారి పెట్టిన పులుసులో ఇసక తగిలుంటుంది," అందొకామె. "మెత్తళ్లు రెండు నీళ్లు కడగవే అంటే వింటావా?"

"నీ చేపలు మా బాగా ఉంటాయిలే! దొరసాని వచ్చింది నాకు చెప్పడానికి!" అంది పక్కామె.

"మీ కీచులాట ఆపండే," అన్నాడొక మగవాడు. "పెద్దాయన కూడా వచ్చాడంటే పాత్ర బోర్లించడానికే. పదండ్రా, వెళ్లి కాళ్ల మీద పడదాం."

నలుగురూ కలిసి పడవని నీళ్లలోకి తోశారు. కొందరు పడవ కోసం ఆగకుండా నడుం లోతుకి దిగేశారు. విధికుడు రెండు చేతులూ ఊపుతూ అరిచాడు. అతను అరిచినకొద్దీ వాళ్లు ఇంకా గాభరాపడి ఇంకా తొందరగా వస్తున్నారు.

సంఘగోపుడు కర్ర వదిలేశాడు.

ఒక మోకాలు తడి ఇసకలో ఆనించాడు. మూలుగుతూ రెండోది ఆనించాడు. చేతులు ముందుకి చాపి, జాలరిపల్లె వైపు తిరిగి నుదురు నేలకి తాకించాడు.

భిక్షువు గృహస్థుకి మొక్కడు. గృహస్థు రాజైనా మొక్కడు. అది ఏటికి రెండు వైపులా తెలుసు.

తెడ్లు ఆగిపోయాయి. నీళ్లలో ఉన్నవాళ్లు ఉన్నచోటే నిలబడిపోయారు. పోలక్క నోటి మీద కొట్టుకుంది.

"అయ్యో, అయ్యో! లేవండి స్వామీ! మాకెక్కడి పాపం ఇది! లేవండి!"

"పడవ వెనక్కి తిప్పితే లేస్తాను," అన్నాడు సంఘగోపుడు, తల ఎత్తకుండానే. అంత దూరం ఆయన గొంతు వినిపించదు. విధికుడు ఆ మాటనే గట్టిగా అరిచి చెప్పాడు.

పడవ వెనక్కి తిరిగింది. నీళ్లలో ఉన్నవాళ్లు ఒక్కొక్కరే ఒడ్డెక్కారు. చివరివాడు ఎక్కేదాకా ముసలాయన అలాగే ఉండి, అప్పుడు కూర్చున్నాడు.

"తప్పు మీది కాదు తల్లీ. రోగం మా వైపుంది. మురికి మా పాత్రలో ఉంది."

విధికుడు ఆ మాటలు కూడా అరిచాడు. ఆ తరవాత గురువు చెప్పిందల్లా అతనే అరిచి అందించాడు.

పోలక్క అడిగింది. "మరి మమ్మల్ని ఏం చెయ్యమంటారు?"

"పడవలు ఒడ్డుకి లాగేయండి. పట్నంలోకి రావద్దు. అటు నుంచి ఎవరైనా పారిపోయి వస్తే తరిమెయ్యకండి. ఒడ్డు మీద పాక వేసి, తిండి దూరంగా పెట్టి రండి. జ్వరం లేదని తేలాక లోపలికి రానివ్వండి."

"మీరేం తింటారు?"

"కొండ మీద గంజి ఉంది."

"పల్చటి గంజి," అంది పోలక్క. ఆమెకి కొండ మీద సంగతులు తెలుసు. తరవాత, "మా కోడలికి పొద్దుటి నుంచీ నొప్పులు, స్వామీ. ఇంకో మనిషి వస్తోంది మా ఇంటికి. మీరొచ్చి దీవిస్తారనుకున్నాను," అంది.

"ఇక్కడి నుంచే దీవిస్తాను. ఏరు అడ్డం కాదు."

ఆయన దీవించాడు. అవతల అందరూ చేతులు జోడించారు. ఆడవాళ్లు మూకుళ్లు తలకెత్తుకున్నారు. మెత్తళ్లు ఎవరు కడగాలన్న గొడవ మళ్లీ మొదలైంది.

విధికుడు గురువుని చంకల కింద పట్టి లేపాడు. ముసలాయన ముఖానికి ఇసక అంటుకుని ఉంది. అది తుడవడానికి విధికుడు చెయ్యి ఎత్తి, ఆగి, దించేశాడు.

"గృహస్థులకి మొక్కారు, భంతే."

"మొక్కాను."

"అంతమందికి."

"అంతమంది ఉన్నారు కాబట్టే అందరికీ కలిపి ఒకసారి మొక్కాను. ఒక్కొక్కరికీ వేరేగా వంగే నడుము కాదిది."

విధికుడు వెనక్కి తిరిగాడు. కొండ పక్క నుంచి పట్నం కనబడుతోంది. ఎక్కడ ఒక కప్పు ఆగి ఇంకో కప్పు మొదలైందో తెలియదు. ఉప్పు కొట్టు వైపు నుంచి ఏడుపు లేచింది. ఎవరిదో అతనికి తెలుసు. ఆ వీధిలో ప్రతి గొంతూ అతనికి తెలుసు.

పాత్ర ఇసకలో పెట్టాడు. పట్నం వైపు తిరిగి, బోర్లా సాగిలపడ్డాడు.

ఎంతసేపటికీ లేవలేదు. సంఘగోపుడు కర్ర ఊతంగా పక్కన నిలబడ్డాడు.

"పెద్ద స్వామీ!" అవతలి ఒడ్డు నుంచి పోలక్క కేకేసింది. ఇంటికి పోతున్నదల్లా వెనక్కి వచ్చినట్టుంది. "ఆ కుర్ర స్వామిని లేపండి! ఇసక కాలిపోతోంది అక్కడ! కడుపులో ఏమీ లేకుండా ఆ ఎండలో పడుకుంటే ఏమవుతాడు, పిచ్చి తండ్రి!"

విధికుడి భుజాలు కదిలాయి.

"ఉండనీ తల్లీ," అన్నాడు సంఘగోపుడు. "కాసేపు ఉండనీ."