జపసంచిలో పుట్నాలు

ఇందుమతి మెట్ల మీద కూలబడింది. పడిపోలేదు, కూలబడింది. ఆ రెంటికీ తేడా ఏమిటో ఎనిమిది నెలలుగా ఆమెకి బాగా తెలుసు. పడిపోతే నలుగురూ పోగవుతారు. కూలబడితే ఏదో ధ్యానంలో ఉందనుకుని వదిలేస్తారు.

ఆశ్రమానికి తొమ్మిదే మెట్లు. ఐదో మెట్టు దగ్గర కాళ్లలో సత్తువ అయిపోయింది. భుజానికి వేలాడుతున్న జపసంచిలోకి చెయ్యి పెట్టి కళ్లు మూసుకుంది. కింద చెప్పులు విప్పుకుంటున్న ఆడవాళ్లు ఇద్దరు పైకొచ్చి ఆమె పాదాలు తాకి కళ్లకద్దుకున్నారు.

"నాలుగు ముద్దలతో బతుకుతోందట," అంది ఒకామె లోపలికి వెళ్తూ.

"ఆ మొహంలో కళ చూడు," అంది రెండో ఆమె.

అది కళ కాదు. ఒంట్లో రక్తం తగ్గి పాలిపోవడం.

ఆశ్రమం అంటే పెద్దదేం కాదు. పాలకొండ దాటాక రోడ్డు పక్కన ఒక పెంకుల హాలు, వెనక వంటిల్లు, ముందు నాలుగు కరివేపాకు చెట్లు. అక్కడి గురువు చెంచమ్మ గారు. ముప్పై ఏళ్లు ఆడపిల్లల హాస్టల్లో వంట చేసి, రిటైరయ్యాక వచ్చి ఇక్కడ కూర్చుంది. ఆమె దగ్గర మంత్రాలు తక్కువ. అడిగినదానికి తెలిస్తే చెప్పేది, తెలియకపోతే తెలియదనేది. ఆ రెండో అలవాటు చూసే జనం చేరారు.

ఇందుమతి భర్త కామేశ్వరరావుకి రాజాంలో బట్టల షాపు ఉంది. కిందటేడు వర్తక సంఘానికి ప్రెసిడెంటయ్యాడు. సన్మానం ఫోటోలో భార్యే సగం వేదిక ఆక్రమించిందని ఎవరో నవ్వారు. ఆ నవ్వుకి మందు విశాఖపట్నంలో దొరికింది. ఆమె పొట్టలో ముప్పాతిక భాగం కోసి తీసేశారు.

నలభై కిలోలు తగ్గింది. డాక్టరు కాగితం మీద రాసిచ్చాడు. రోజుకి ఆరుసార్లు, కొంచెం కొంచెం. పప్పు, పెరుగు ముందు, అన్నం ఆఖర్న. ప్రతి ముద్దా పిండయ్యేదాకా నమలాలి, ముద్దకీ ముద్దకీ మధ్య ఆగాలి. తొందరపడితే వాంతవుతుంది, మానేస్తే పడిపోతారు, అని నోటితో కూడా చెప్పాడు.

సన్నబడ్డ కోడలు అందరికీ కావాలి. ఆపరేషను చేయించుకున్న కోడలు ఎవరికీ అక్కర్లేదు. ఎలా తగ్గిందని చుట్టాలు అడగడం మొదలుపెట్టేసరికి అత్తగారు వరహాలమ్మ ఒక మాట పుట్టించింది.

"మా కోడలు ఏకభుక్తం. చెంచమ్మ గారి దగ్గర దీక్ష పుచ్చుకుంది."

ఏకభుక్తం అంటే రోజుకి ఒక్కపూటే భోజనం. ఆ మాటతో, ఆరుసార్లు తినాల్సిన మనిషి ఒక్కసారి తినే మనిషయింది. ఆ ఒక్కసారీ ఇంట్లో అందరికీ వడ్డించాకే. ఆ ఇంట్లో ఎవరో ఒక చుట్టం ఉంటూనే ఉంటారు. దీక్షలో ఉన్న ఇల్లాలు వాళ్లెదుట పొద్దున్నే పెరుగు గిన్నె పట్టుకుని కూర్చుంటే బాగుండదు.

ఇంకా బాగుండని సంగతి ఒకటి ఉంది. చెంచమ్మ గారు కూడా నమ్మింది. తను ఇవ్వని దీక్ష తన పేరు మీద తిరుగుతుంటే, పిల్ల తనంతట తనే పూనుకుందనుకుంది. పోయిన పౌర్ణమికి అందరి ముందూ ఇందుమతిని చూపించి, "ఎంత చాలునో కడుపు చెప్తుంది, వినేవాళ్లేరీ? ఈమెని చూసి నేర్చుకోండి," అంది. ఆ నెలలో ఇద్దరు కాలేజీ పిల్లలు రాత్రి భోజనం మానేశారు.

ఇవాళ మళ్లీ పౌర్ణమి. భర్తా, అత్తగారూ కూడా కారులో వచ్చారు.

చెంచమ్మ గారు వసారాలో చాప మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంపుతోంది. ఇందుమతి వచ్చి ఎదురుగా కూర్చుంది. ఒక చేత్తో తుంపడానికి రాక, తుంపిన ముక్కల్లో పుచ్చులు ఏరుతూ కూర్చుంది. రెండో చెయ్యి సంచిలోనే ఉంది.

కొంచెంసేపు చూసి చెంచమ్మ గారు అంది, "ఏటే, జపం చేత్తో చేస్తారు. నువ్వు దవడతో చేస్తున్నావు."

ఇందుమతి దవడ ఆగిపోయింది.

గురువు చెయ్యి చాపి సంచిలో పెట్టింది. పూసలు పక్కకి తోసి గుప్పెడు పుట్నాలు పైకి తీసింది. ఒకటి నోట్లో వేసుకుంది.

"మెత్తబడిపోయాయి."

"చేతి చెమటకమ్మా."

తర్వాత ఇందుమతి ఏదీ దాచుకోలేదు. ఫోటో దగ్గర్నుంచి పొట్ట దాకా, డాక్టరు కాగితం, అత్తగారి మాట, అన్నీ చెప్పింది. పోయిన వారం రక్తం పరీక్ష చేశారని, ఇలాగే తింటే ఆస్పత్రిలో పడుకోబెట్టాల్సి వస్తుందన్నారని చెప్పింది. దువ్వెన పెడితే జుట్టు చేతికొస్తోందని, మొన్న గ్రైండరులోంచి రాయి ఎత్తలేక పిండి ముందు కూర్చుని ఏడ్చానని చెప్పింది.

"నాకు ఓర్పు లేదమ్మా," అంది చివరికి. "దీక్ష అబద్ధమే. దాన్నైనా నిజం చేద్దామనుకున్నాను. పదకొండయ్యేసరికి చేతులు వణుకుతాయి, దొంగతనంగా ఇవి తింటాను. నాకు ఓర్పు నేర్పండి."

చెంచమ్మ గారు ఇంకో చిక్కుడుకాయ తుంపింది.

"డాక్టరు ఎన్నిసార్లు తినమన్నాడు?"

"ఆరు."

"ఏకభుక్తం ఎవరిచ్చారు నీకు?"

"మా అత్తగారు."

"మరి నేనేం చేశాను?"

ఇందుమతి తల వంచుకుంది. "మీరు మెచ్చుకున్నారమ్మా."

 గురువు కాయలన్నీ తుంపడం అయ్యాక లేచి వంటింట్లోకి వెళ్లి, చిన్న గిన్నెలో మజ్జిగ తెచ్చి ఇందుమతి ముందు పెట్టింది. అది తాగడం అయ్యేదాకా తలుపుకి అడ్డంగా నిలబడింది.

చెంచమ్మ గారు హాస్టల్లో పెట్టిన నియమం ఒకటి ఆమె వెంటే ఆశ్రమానికీ వచ్చింది. పంక్తిలో ఆఖరి మనిషి తినడం అయ్యేదాకా ఎవరూ లేవకూడదు, చెయ్యి కడుక్కోకూడదు. అక్కడ పెద్దపిల్లలు గబగబా తిని లేస్తే, చిన్నపిల్లలు సిగ్గుపడి సగం కంచంతో లేచిపోయేవారు. అందుకు పెట్టింది. ఇక్కడ దాని అవసరం ఎన్నడూ రాలేదు. ముందు మగవాళ్ల పంక్తి, వాళ్లంతా ఒకేసారి తిని లేస్తారు. తర్వాత ఆడవాళ్ల పంక్తి. వాళ్లని కూర్చోనివ్వడానికి అంట్లగిన్నెలకి ఓపిక ఉండదు.

పన్నెండున్నరకి చెంచమ్మ గారు హాల్లోకి వచ్చి, "ఇవాళ ఒకటే పంక్తి," అంది.

"మరి వడ్డించేవాళ్లు?" అడిగాడు కామేశ్వరరావు. అప్పటికే చొక్కా చేతులు మడత పెట్టుకున్నాడు.

"అన్నీ ముందే వడ్డిస్తారు. తక్కువైతే గిన్నె అందుకోండి. చేతులున్నాయిగా."

అరవైమందీ గోడల పొడవునా కూర్చున్నారు. ఇందుమతిని తీసుకొచ్చి పంక్తి మొదట్లో, తన పక్కన కూర్చోబెట్టింది గురువు. అటువైపు కామేశ్వరరావు, వరహాలమ్మ. అందరి ఆకుల్లో పులిహోర, చిక్కుడుకాయ కూర, పప్పు, అన్నం, పెరుగు. ఇందుమతి ఆకులో ముద్దపప్పు ఒక గరిటెడు, గట్టి పెరుగు రెండు చెంచాలు, పక్కన నిమ్మకాయంత అన్నం.

"పోయిన పౌర్ణమికి ఈమెని చూసి నేర్చుకోమన్నాను," అంది చెంచమ్మ గారు. "నేను సరిగ్గా చూడకుండా అన్నాను. తప్పు నాది. ఇవాళ చూడండి."

పది నిమిషాల్లో అరవై ఆకులూ ఖాళీ అయ్యాయి. ఇందుమతి మూడో ముద్ద నములుతోంది.

మొదట ఎవరికీ తెలియలేదు. ఆకుల అంచులు మడుచుకుంటూ మాట్లాడుకున్నారు. కాసేపటికి మాటలు సన్నగిల్లాయి. పెరుగన్నం వేళ్ల మధ్య ఎండడం మొదలైంది. ఎవరో చేతిని గాల్లో పట్టుకుని అటూ ఇటూ తిప్పారు. ఈగలు వచ్చాయి.

"ఇంకో విడత వడ్డించెయ్యండర్రా, నాకు మళ్లీ ఆకలేస్తోంది," అన్నాడు ఆ చివరినుంచి ఒక ముసలాయన. కొందరు నవ్వారు.

నాలుగో ముద్ద.

"కానీయ్," అన్నాడు కామేశ్వరరావు, పళ్ల మధ్యనుంచి.

ఆ మాటకి పదహారేళ్లుగా కదిలిన చెయ్యి కదిలింది. ఇందుమతి రెండు ముద్దలు వెంటవెంటనే మింగింది. అవి గుండెల దగ్గర ఆగిపోయాయి. నుదుటి మీద చెమట పట్టింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కళ్లు మూసుకుంది.

"ఆగు," అంది గురువు. "దిగనీ. దిగాకే ఇంకోటి." తర్వాత అటు తిరిగి, "నీ ఆకు నువ్వు చూసుకో నాయనా," అంది.

"షాపు తెరవాలమ్మా."

"తెరుద్దువుగాని."

ఇరవై ఐదు నిమిషాలయింది. ఇందుమతి దిగేదాకా ఆగింది, మళ్లీ కొంచెం పప్పు వేలితో తీసుకుంది. వరహాలమ్మ ఎండిన చెయ్యి మోకాలి మీద బోర్లించి పక్కామెతో నవ్వుతూ అంది, అందరికీ వినబడేలాగే.

"ఏకభుక్తం మనిషికి ఇంతసేపేటమ్మా? నాలుగు ముద్దల భాగ్యానికి."

 ఇందుమతి నోట్లో ముద్ద ఉంది. దాన్ని పూర్తిగా నమిలింది, మింగింది, దిగిందో లేదో చూసుకుంది. అరవైమంది ఆమె దవడనే చూస్తున్నారు.

"ఏకభుక్తం కాదత్తయ్యా," అంది. "ఆపరేషను. పొట్ట కోయించారు. నాకు ఇంతే పడుతుంది, ఇంతసేపు పడుతుంది. రోజుకి ఆరుసార్లు తినాలి."

 కామేశ్వరరావు తన ఆకులో కరివేపాకు రెబ్బని చాలా శ్రద్ధగా చూస్తున్నాడు.

పొద్దున మెట్ల మీద పాదాలు తాకిన ఆమె ముందుగా తేరుకుంది.

"ఓస్. ఆపరేషనా?"

"మరి ఆ కళ?" అడిగింది పక్కామె గుసగుసగా.

"పౌడరయ్యుంటుంది."

ఆకలితో ఉంటోందనుకున్నంతసేపూ కాళ్లు మొక్కారు. తినడానికి వీల్లేక ఆకలితో ఉందని తెలిశాక మొక్కడానికేం మిగల్లేదు. పొద్దున పాదాలు తాకిన ఆ చేతిని ఆవిడ అప్పుడే కడుక్కునేదే, కానీ పంక్తి ఇంకా అవలేదు.

ఎదుటి గోడ దగ్గర, రాత్రి భోజనం మానేసిన ఇద్దరు పిల్లల్లో ఒకతె పులిహోర గిన్నె దగ్గరికి లాక్కుంది. రెండోది తన ఆకు ముందుకి జరిపింది.

ఇందుమతి పప్పు అయింది, పెరుగయింది. నిమ్మకాయంత అన్నంలో సగం మిగిలింది. ఆకు మడిచి, నేల మీద చెయ్యి ఆనించి మెల్లిగా లేచింది. గోడ గడియారం చూస్తే నలభై రెండు నిమిషాలు. మొట్టమొదట ఆమె చెయ్యి కడుక్కుంది. ఆ వెనక అరవైమంది కుళాయి దగ్గర నిలబడ్డారు. ఎండిన మెతుకులు ఒక పట్టాన వదల్లేదు. కామేశ్వరరావు వేళ్ల మడతల్ని గోళ్లతో గీరుకుంటూ చాలాసేపు ఉన్నాడు.

మధ్యాహ్నమంతా ఇందుమతితో ఎవరూ మాట్లాడలేదు. అంట్లు తోమడానికి కూర్చుంటే మాత్రం పక్కకి జరిగి చోటిచ్చారు.

మూడున్నరకి కామేశ్వరరావు కారు రోడ్డు మీదికి తెచ్చి ఆపాడు. వరహాలమ్మ ఎక్కి తలుపేసుకుంది. ఇందుమతి దిగుతూ దిగుతూ ఐదో మెట్టు దగ్గర ఆగింది. వేళయింది. ఈసారి కూలబడలేదు, కూర్చుంది. సంచిలోంచి పుట్నాలు తీసి, అరచేతిలో పోసుకుని, ఒక్కోటీ నమలసాగింది.

కారు హారను మోగింది.

చెంచమ్మ గారు పైనుంచి దిగొచ్చి పక్కన కూర్చుంది. ఆమె చేతిలో కాగితం పొట్లం ఉంది. ఇందుమతి భుజం మీది సంచి తీసుకుని, పూసలు బయటికి లాగి తన ఒళ్లో పెట్టుకుంది. మెత్తబడిన పుట్నాలు కరివేపాకు చెట్టు మొదట్లో దులిపింది. పొట్లంలోవి సంచిలో పోసింది. అప్పుడే వేయించినట్టున్నాయి, గుడ్డలోంచి వేడి తగిలింది.

"మాల ఇక్కడుంటుంది," అంది. "ఇందులో చోటు చాలదు."

హారను మళ్లీ మోగింది, ఈసారి ఎక్కువసేపు.

"ఇంటి దగ్గర ఈ పంక్తి ఎవరు వేస్తారమ్మా?" అడిగింది ఇందుమతి.

చెంచమ్మ గారు రోడ్డు వైపు చూసింది.

"తెలీదే."

ఇందుమతి నోట్లోది మింగేదాకా ఆగింది.

"ఓర్పు నేర్పమన్నాను. అదైనా నేర్పలేదు మీరు."

"నేర్పానుగా."

"ఎప్పుడు?"

"భోజనాల దగ్గర." గురువు మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచింది. "నీక్కాదు."

కింద కారు హారను ఆగకుండా మోగుతోంది. ఇందుమతి ఇంకో నాలుగు పుట్నాలు అరచేతిలో పోసుకుని, ఒకటి నోట్లో వేసుకుని, నమలడం మొదలుపెట్టింది.