బల్లకింద ఉట్టి

అనగా అనగా, మగ్గాల చప్పుడుతో తెల్లవారే ఒక ఊరుండేదిట. ఆ ఊళ్ళో భద్రమ్మని ఒక అత్తగారు, హైమావతని ఒక కోడలు. ఊ కొట్టండి మరి. మీరు ఊ కొట్టకపోతే గోడకి చెప్పుకున్నట్టుంటుంది నాకు.

భద్రమ్మ మొగుడు మార్కండేయులు చీరల అంచులకి బొమ్మలు గీసేవాడు. గళ్ళ కాగితం మీద గడి గడికీ రంగు వేసి హంసలూ, లతలూ, గోపురాలూ. ఆయన గీస్తే ఆవిడ నేసేది. అలా నలభై ఏళ్ళు. ఆయన పోయాక ఆ కాగితాలన్నీ చెక్కపెట్టెలో సర్ది మూత వేసేసింది. మళ్ళీ తియ్యలేదు. తీస్తే ఏడుపు ఆగదని భయం. కోడలితో మాత్రం, నాకు మిగిలింది అవేనమ్మాయ్, జాగ్రత్త అంటూ ఉండేది.

ఒకరోజు ఆ పెట్టె కింద మట్టి రాలి ఉండడం కోడలు చూసింది. మూత తీస్తే ఏముంది, చెదలు. సగం కాగితాలు చిల్లులు పడ్డాయి, మిగిలినవి గట్టిగా ముట్టుకుంటే పొడైపోయేట్టున్నాయి. చెబితే అత్తగారి గుండె ఆగిపోతుందనుకుంది పిచ్చిపిల్ల. చెప్పలేదు. గదిలో ఒక మూల బల్ల వేసుకుని, ఇదే నా ఆఫీసంది. మూడేళ్ళు కూచుని, ఆ బొమ్మలన్నీ గడి గడికీ కంప్యూటర్లోకి ఎక్కించింది. బల్ల మీదంతా తెరా, కాగితాలూను. కంప్యూటర్ డబ్బా ఉంటుందే, దాని ప్రాణమంతా అందులోనే కదా, దానికి పైన చోటు లేక బల్ల కింద నేల మీద పెట్టింది.

అక్కడే వచ్చింది చిక్కు. శుక్రవారం వచ్చిందంటే భద్రమ్మ బిందెలతో నీళ్ళు కుమ్మరించి ఇల్లు కడగాల్సిందే. తడిగుడ్డతో తుడిస్తే ఆవిడ దృష్టిలో కడిగినట్టే కాదు. నేనూ అంతేలే, నవ్వకండి. అందుకని ప్రతి శుక్రవారం కోడలు వైర్లు పీకాలి, డబ్బాని మంచమెక్కించాలి, నేల ఆరాక దింపాలి, వైర్లు పెట్టాలి. మళ్ళీ శుక్రవారం వైర్లు పీకాలి, మంచమెక్కించాలి. ఆ డబ్బాకి ఏమిటే అంత భోగం అని అత్తగారు అడిగితే, నవ్వేసి ఊరుకునేది.

ఊ కొడుతున్నారా, నిద్రపోతున్నారా?

ఒక శుక్రవారం కోడలికి ఒళ్ళు కాలిపోయే జ్వరం. అత్తయ్యా, ఈ ఒక్క వారం నా గది కడక్కండి అందిట. జ్వరం వచ్చిన ఇల్లే అసలు కడగాలి అనుకుంది అత్తగారు. కోడలికి కునుకు పట్టగానే బిందె వంచింది. ప్లగ్గు తీసి ఉంది కాబట్టి సరిపోయింది గానీ, నీళ్ళు డబ్బాలోకి పోయాయి.

కోడలు లేచి చూసి ఆ తడి నేల మీదే కూలబడింది. అరవలేదు, తిట్టలేదు. చెదల సంగతి, మూడేళ్ళ సంగతి అన్నీ చెప్పేసింది. ఆ కాగితాలు పొడైపోయాయి, మావయ్యగారి బొమ్మలు ఈ డబ్బాలో తప్ప ఇంకెక్కడా లేవత్తయ్యా అంది. భద్రమ్మ బిందె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆయన ఒకసారి పోయాడు, రెండోసారి నా చేతులతో నేనే పోగొట్టుకున్నాను అనుకుంది.

డబ్బా మూత విప్పి, మెత్తని గుడ్డతో అద్ది, ఫ్యాను కింద మూడు రోజులు ఆరబెట్టారు. మూడు రోజులూ భద్రమ్మ అన్నం సరిగ్గా తిన్లేదు. నాలుగో రోజు కోడలు మీట నొక్కబోతే ఆగమంది. బతికితే మాత్రం మళ్ళీ నేల మీదేనా, ముందు దీనికో చోటు చూడమంది.

నేల మీద పెడితే నీళ్ళు. బల్ల మీద పెడితే చోటు లేదు. అటక మీద పెడితే వైర్లు అందవు. మంచం మీద పెడితే మనుషులెక్కడ పడుకుంటారు? మరి పిల్లికి అందకుండా వెన్న ఎక్కడ పెడతాం? ఉట్టి మీద.

భద్రమ్మ పాత మంచం నవారు విప్పి తెచ్చింది. బల్ల కింద అడ్డకర్రలకి చుట్టి, మోకాళ్ళు తగలకుండా ఒక పక్కకి, నేలకి జానెడు ఎత్తున డబ్బాని వేలాడగట్టింది. ఊగితే దీనికి పడదత్తయ్యా అంటే, బల్ల కాళ్ళకి రెండు వైపులా లాగి బిగించింది. దుమ్ము పడుతుందని గుడ్డ చుట్టబోతే, డబ్బాకున్న చిల్లుల్లోంచే లోపలి వేడి పోవాలి, మూస్తే ఉడికిపోతుంది అంది కోడలు. అయితే నవారు కూడా చిల్లుల మీద ఉండకూడదని అత్తగారు జరిపి కట్టింది. చేత్తో నెట్టి చూసింది. కదల్లేదు.

అప్పుడు మీట నొక్కారు. లోపల ఫ్యాను తిరిగింది. తెర వెలిగింది. ఒక్కొక్క బొమ్మే వస్తుంటే భద్రమ్మ ముట్టుకోకుండా చూస్తూ కూచుంది. హంసల అంచు దగ్గర, మధ్యలో ఈ ఖాళీ ఏమిటే అని అడిగింది. చెదలు తిన్న చోటు అత్తయ్యా, అక్కడేముందో నాకు తెలీదు, వదిలేశాను అంది కోడలు.

భద్రమ్మ కళ్ళు మూసుకుంది. ఒళ్ళో చేతులు మగ్గం మీద ఆడినట్టు ఆడాయి. రెండు ఎరుపు, ఒకటి పసుపు, మూడు ఎరుపు, అక్కడ హంస నోట్లో తామరతూడు అంది. కోడలు గడులు నింపింది. హంస నిండింది. ఇంకోటి తియ్యమంది అత్తగారు. అలా రోజుకొకటి, చెదలు తిన్నవన్నీ ఆవిడ చెబుతుంటే ఈవిడ నింపింది. మార్కండేయులు బొమ్మలు ఒక్కటీ పోలేదు.

చూశారా మరి. మొదటిరోజే చెప్పి ఉంటే ఆ పిల్ల మూడేళ్ళు ఒంటరిగా కుమిలేదే కాదు. పెద్దవాళ్ళ గుండె ఆగిపోతుందని దాస్తారు మీరు. చెబితే ఏడుస్తాం, ఏడ్చి లేచి ఓ చెయ్యి వేస్తాం.

కథేమో కంచి దారి పట్టింది, మీరిక నిద్ర దారి పట్టండి.